తలుపు కొట్టొద్దు, పాడండి

లెంటు రోజులొస్తే, అంటే ఈస్టరుకి ముందు నలభై రోజులూ, మాకు వేకువ ప్రార్థనలు. రోజుకొక ఇంట్లో, తెల్లారకముందే. న్యూజీలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ అనే ఊళ్ళో ఉంటాం. మా తెలుగు సంఘంలో సగం మంది నర్సులు, మిగతావాళ్ళు నాలాగా వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్ళు. ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి కాబట్టి చీకటి ఉండగానే కూడతాం. గుంటూరు దగ్గర మా ఊళ్ళో అయితే వీధి మొదట్లోనే పాట ఎత్తుకునేవాళ్ళం. అది విని ఇంటివాళ్ళు లేచి తలుపు తీసేవాళ్ళు. ఇక్కడా మొదట్లో అలాగే పాడాం. మా పక్కింటి ముసలాయన నిద్ర బట్టల మీదే బయటికొచ్చి, "ఇదేం గోల! మనుషులు నిద్రపోవాలా వద్దా?" అని కడిగిపారేశాడు. దాంతో పాట మానేసి, తలుపు కొట్టడం మొదలుపెట్టాం.

ఆ ముసలాయన చెడ్డవాడేం కాదు, నోరే దురుసు. కంచె మీదుగా వాళ్ళ చెట్టు నిమ్మకాయలు ఇస్తూనే, వీసా అయిపోయినా ఉండిపోయేవాళ్ళ గురించి రేడియోలో విన్నదంతా నాకు ఒప్పజెప్పేవాడు. "తెల్లారకముందే వెళ్ళి పట్టుకోవాలి. అప్పుడైతేనే ఇంట్లో దొరుకుతారు" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. అలాంటి మనిషి మా పెరటి గదిలోనే ఉంది మరి! ఆ సంగతి ఆయనకి తెలీదు.

ఆవిడది ఫిజీ. ముత్తాతలు మన తెలుగువాళ్ళే, చెరుకు తోటల్లో పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న "తిన్నావా?" అన్న మాట ఒక్కటే ఆవిడకి మిగిలిన తెలుగు. నేను ఆంటీ అనేదాన్ని. పనిచ్చిన కంపెనీ మూతపడి వీసా పోయింది. వెళ్ళిపోదామంటే, చెల్లెలు మా వృద్ధాశ్రమంలోనే పక్షవాతంతో మంచంలో ఉంది. మాట పడిపోయింది. నేను పెట్టినా ఇంకెవరు పెట్టినా నోరు తెరవదు, అక్క ముద్ద పెడితేనే తింటుంది. ఆంటీని పంపేస్తే ఆ చెల్లెలి గతేమిటి? ఇక్కడే ఉండనివ్వమని ఆంటీ అర్జీ పెట్టుకుంది, జవాబు లేదు.

ఈలోగా వేరే ఊళ్ళో ఎవరింటికో ఆఫీసర్లు తెల్లారకముందే వచ్చి, పిల్లల కళ్ళముందే తండ్రిని తీసుకెళ్ళారని వార్తల్లో వచ్చింది. మా వృద్ధాశ్రమం టీ గదిలో అదే గొడవ. అంతకుముందు "పంపేస్తే పోలా" అన్నవాళ్ళే "పిల్లల ముందా? ఆ టైములోనా?" అనడం విన్నాను. ఆంటీ మాత్రం అప్పట్నించీ చెప్పులు మంచం పక్కనే పెట్టుకుని పడుకునేది.

వేకువ ప్రార్థనకి మా ఇంటి వంతు వచ్చింది. "పొద్దున్నే మావాళ్ళొస్తారు, కంగారుపడకండి" అని ఆంటీకి ముందే చెప్పాను. కానీ ఖర్మ కాకపోతే, ఆ రోజే వాకిట్లో బల్బు పోవాలా! పాస్టరమ్మగారు టార్చి పట్టుకుని పక్క సందులోంచి వెనక్కొచ్చి, మా వంటింటి తలుపనుకుని ఆంటీ గది తలుపు కొట్టారు. ఆవిడ కొడితే ఇల్లంతా అదురుతుంది.

నేను లోపల టీ కాస్తున్నాను. ఆ దబదబ విని, "అయ్యో దేవుడా!" అని పరిగెత్తాను. గది కిటికీ బార్లా తీసి ఉంది. ఆంటీ లేదు. మంచం పక్కన చెప్పులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

కంచెలో ఒక పలక ఊడి చాలా రోజులైంది. ఆంటీ ఆ సందులోంచి దూరి ముసలాయన పెరట్లోకి పోయింది. అక్కడ లైటు వెలిగింది. ఆయన రబ్బరు గమ్‌బూట్లతో వచ్చి, కంచె మీదుగా మా మొహాల మీదికి టార్చి కొట్టి, "ఇక్కడెవరూ లేరు! పనుంటే పగలు రండి!" అని అరిచాడు. మేమంతా స్వెట్టర్లు తొడుక్కుని, బైబిళ్ళు పట్టుకుని నోరెళ్ళబెట్టి నిలబడ్డాం. ఆయన వెనక కట్టెల పక్కన ఆంటీ, ఆయన కోటు కప్పుకుని, ఒట్టికాళ్ళతో కూర్చునుంది.

"నేనేనండీ, మేం ప్రార్థనకొచ్చాం" అన్నాను. ఆయన టార్చి దించి, అలాగే కట్టెల మీద కూలబడ్డాడు.

ఆ పొద్దున మొదటిసారి మా ఇంట్లోకొచ్చి టీ తాగాడు. ఆఫీసర్లొచ్చారన్న ఆంటీ మాట తప్ప ఆయనకేం తెలీదు, సంగతంతా అప్పుడే చెప్పాను. "వీసా లేకపోతే వెళ్ళాల్సిందే, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ ఇలా కాదు" అన్నాడు. నేనూరుకుంటానా? "ఇన్నాళ్ళూ కంచె దగ్గర నిలబడి మీరు చెయ్యమన్నది ఇదేగా!" అనేశాను. పాస్టరమ్మగారు నన్ను గిల్లారు. ఆయన కప్పులోకి చూస్తూ, "అప్పుడు నేను చూడలేదుగా" అన్నాడు. నా కోపమంతా అక్కడే చల్లారిపోయింది.

తర్వాత ఆంటీ లాయరు దగ్గరికెళ్ళిన ప్రతిసారీ కారు ఆయనదే. ఆ ఊడిన పలక మాత్రం బిగించలేదు. "ఉండనీ" అన్నాడు. చలికాలం పోతుండగా వీసా వచ్చింది. ఆయన వల్లే వచ్చిందని అనను, లాయరమ్మ కష్టం ఉంది. కానీ ఆ ఎదురుచూపులన్నిట్లో ఆంటీ పక్కన కూర్చున్నది ఆయనే. అందుకు ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

వీసా వచ్చినా, తలుపు చప్పుడైతే ఆంటీ ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. ఈ ఏడు మళ్ళీ మా వంతు వచ్చింది. ముందురోజు సాయంత్రం ముసలాయన కంచె దగ్గరికొచ్చి నన్ను పిలిచాడు.

"రేపు తలుపు కొట్టొద్దు. పాడండి."

"మీ నిద్రో?" అన్నాను, పాత అలవాటు ఊరుకోనివ్వక.

"నా నిద్ర సంగతి నేను చూసుకుంటాను. వచ్చేది మీరేనని ఆవిడకి తెలియాలి."

తెల్లారకముందే గేటు దగ్గర పాట ఎత్తుకున్నాం. సగం మందికి గొంతులు లేవలేదు. పల్లవి అవకముందే పెరటి గదిలో లైటు వెలిగింది. తలుపు తీసుకుని ఆంటీ బయటికొచ్చింది, తాపీగా, చెప్పులు వేసుకుని. చీకట్లో అందర్నీ ఒకసారి చూసి, "తిన్నావా?" అంది.