దోన్యా ఒర్ఫెలీనా అంటించిన నల్ల ముద్రలు

మేమంతా మర్యాదగా దోన్యా అని పిలిచే ఒర్ఫెలీనా రోజూ బాణలిలోంచి తీసిన మొదటి సోపైపీయను తనే తింటుంది. గుమ్మడికాయ గుజ్జు కలిపిన గోధుమపిండిని అరచేయంత బిళ్లలుగా ఒత్తి, ఫోర్కుతో నాలుగు పోట్లు పొడిచి, నూనెలో వేయిస్తే వచ్చేదే సోపైపీయ. దాన్ని రెండుగా విరిచి, ఒక ముక్కను కాగితం మీద అదిమి, ఎంత నూనె పీల్చిందో చూసి, అప్పుడు నోట్లో వేసుకుంటుంది. లోతా ఊరి గుట్ట మీది మా బడి ఆవరణలో ఆమె కొట్టు నడిపిన ఇరవై రెండేళ్లూ ఆహార భద్రత అంటే ఈ పరీక్ష ఒక్కటే. ఒక్క పిల్లకీ కడుపునొప్పి రాలేదు. అందుకే కాబోలు, ఆ పద్ధతిని ఏ నిపుణుడూ పట్టించుకోలేదు.

తర్వాత నల్ల ముద్రల చట్టం వచ్చింది. ప్యాకెట్టులో చక్కెర ఎక్కువుంటే దాని మీద ఎనిమిది మూలల నల్ల ముద్ర ఒకటి వేయాలి. ఉప్పుకు ఇంకొకటి, కొవ్వుకు ఇంకొకటి, కేలరీలకు మరొకటి. ముద్ర పడిన సరుకు బడి లోపల అమ్మకూడదు. ఒక్క మధ్యాహ్నంలో ఒర్ఫెలీనా అరలు ఖాళీ అయ్యాయి. చాక్లెట్ బిస్కెట్లు, చిప్సు, పసుప్పచ్చ సోడాలు అట్టపెట్టెల్లో వెళ్లిపోయాయి. నీళ్ల సీసాలు, ఆపిల్ పళ్లు, ప్యాకెట్టే లేని సోపైపీయల బాణలి మిగిలాయి.

చట్టం వెనకాలే చదువు కూడా వచ్చింది. యాస్నా అనే పోషకాహార నిపుణురాలు నగరం నుంచి ప్రొజెక్టరు మోసుకొచ్చి, పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి నలభై నిమిషాలు మాట్లాడింది. అందులో ముప్పై తొమ్మిది నిమిషాలు ఎవరికీ గుర్తులేవు. చివరి నిమిషంలో ఆమె అన్న మాట మాత్రం అందరికీ కంఠతా వచ్చింది. "ముద్ర కనిపిస్తే ఆగిపోండి. ముద్ర లేకపోతే హాయిగా తినండి." మా బడి చరిత్రలో ఒక పాఠం ఇంత బాగా బుర్రకెక్కడం అదే మొదటిసారి.

మర్నాడు విరామం గంట కొట్టగానే కొట్టు ముందు తోపులాట.

"పిన్నీ, నాకు నాలుగు!"

"నాలుగెందుకే? నిన్నటిదాకా ఒకటి తినడానికే బెల్లు అయ్యేదాకా నమిలేదానివి!"

"వీటికి ముద్ర లేదు కదా పిన్నీ. మిస్ తినొచ్చంది."

"మీ మిస్ నా బాణలి చూసిందా?"

"చూడక్కర్లేదంట. ముద్ర చూస్తే చాలంట."

ఆ వారం సోపైపీయలు రెట్టింపు అమ్ముడుపోయాయి. ఇంకొకరైతే ఆరోగ్యశాఖ పేరున మేరీమాతకు కొవ్వొత్తి వెలిగించేవారు. కానీ ఒర్ఫెలీనా ఇంట్లో ఆమె భర్త సెగుండో ఉన్నాడు. బొగ్గు గనిలో పాతికేళ్లు దెబ్బ తగలకుండా పనిచేసి బయటపడ్డ మనిషి. ఆ తర్వాత చక్కెర జబ్బుకు ఎడమ పాదం ఇచ్చుకున్నాడు. సాయంత్రం టీ బల్ల దగ్గర అతను భార్య మొహం చూశాడు.

"ఏమే ముసలీ, బేరాలు పెరిగితే ఏడుపు మొహమేంటి?"

"ఆ పెరీరా వాళ్ల పిల్ల ఇవాళ ఆరు తింది. తొమ్మిదేళ్లు నిండలేదు దానికి."

"బాగున్నాయేమో!"

"బాగున్నవన్నీ తినే కదయ్యా నువ్విలా కూర్చున్నావు."

"అయితే అమ్మకం మానెయ్."

"మానేస్తే ఇల్లు నీ మీసాలు చూసి గడుస్తుందా?"

"పోనీ, నిజం చెప్పి అమ్ము. నువ్వు కూడా ముద్రలు కొట్టుకో." అని సెగుండో గట్టిగా నవ్వాడు.

అతను వేళాకోళానికే అన్నాడు. ఆమె దాన్ని సలహాగా తీసుకుంది. అట్టపెట్టె కత్తిరించి, బూట్ పాలిష్ పూసి, తెల్ల రంగుతో 'కొవ్వు ఎక్కువ', 'ఉప్పు ఎక్కువ', 'కేలరీలు ఎక్కువ' అని రాసి, మూడు ముద్రలనూ బాణలి ముందున్న అద్దానికి అంటించింది. మనిషికి ఒకటే అని నియమం కూడా పెట్టింది. ఇంకోటి కావాలంటే ముందు ఆపిల్ తినాలి. పిల్లలు గొణిగారు, సణిగారు, ఆపిల్ పళ్లు తిన్నారు. చట్టం చేసినవాళ్లు కోరుకున్నదంతా మా బడిలో పదకొండు రోజుల పాటు అక్షరాలా జరిగింది. ఇలాంటివి ఎక్కువ కాలం సాగనివ్వరు.

పన్నెండో రోజు తనిఖీ అధికారి దోన్ క్లోదోమీరో తెల్లకోటు వేసుకుని వచ్చాడు. నూనె వేడి కొలిచాడు, బాగుంది. ఆపిల్ పళ్లు చూశాడు, బాగున్నాయి. తర్వాత అట్టముక్కల ముందు నిలబడిపోయాడు.

"ఇవేంటి దోన్యా?"

"ముద్రలండీ. మీ చట్టంలో ఉన్నవే."

"అవి కంపెనీలు వేయాలి. మిమ్మల్నెవరు వేయమన్నారు?"

"నా దాంట్లోనూ ఉన్నది కొవ్వే కదండీ."

"ఉందని మీరే రాసుకున్నాక నేనేం చెయ్యను? ముద్ర ఉన్నది బడిలో అమ్మకూడదు."

"మరి ముద్ర లేకుండా అమ్మినన్నాళ్లూ మీరు రాలేదేం?"

"అప్పుడు ముద్ర లేదు కదా, ఎందుకొస్తాను?"

"అంటే చెప్పకుండా అమ్మితే ఒప్పు, చెప్పి అమ్మితే తప్పా?"

"నన్ను ఇరికించకండి దోన్యా. నా ఫారంలో అలాంటి గడి లేదు."

ఉన్న గడుల్లో ఆయన రెండు తప్పులు రాశాడు. ఒకటి, ముద్ర ఉన్న ఆహారం అమ్మడం. రెండోది, ఆ ముద్రలు చట్టం చెప్పిన కొలతల్లో లేకపోవడం.

కొట్టు ఉంచాలా తీసేయాలా అని బడి పాలకమండలి సమావేశమైంది. హెడ్మాస్టరు చెడ్డవాడేం కాదు, ఒర్ఫెలీనా చేతి సోపైపీయలు తిని లావెక్కినవాడే. ఆమె ముందుకు ఒక కాగితం జరిపాడు.

"ముద్రలు పొరపాటున అంటించానని సంతకం పెట్టండి దోన్యా. అట్టలు తీసేద్దాం. కొట్టు మీకే ఉంటుంది."

"సోపైపీయల్లో కొవ్వు తగ్గుతుందా?"

"దాని సంగతెవరూ అడగరు."

"పెరీరా వాళ్ల పిల్ల మళ్లీ ఆరు తింటుంది కదండీ."

"అది వాళ్లమ్మ చూసుకుంటుంది."

"వాళ్లమ్మకీ మీ మిస్ చెప్పిందే చెప్పారు. పొరపాటున అంటించలేదండీ నేను. చూసి చూసి అంటించాను."

ఆమె సంతకం పెట్టలేదు. కొట్టు పోయింది. సమావేశానికి నగరం నుంచి పిలిపించిన యాస్నా లేచి, ఒర్ఫెలీనా గారి అవగాహన అందరికీ ఆదర్శమని చెప్పి, 'ఆరోగ్య ప్రచారకర్త' అనే యోగ్యతాపత్రం అక్కడికక్కడే అందించింది. ఒకే సమావేశంలో కొట్టు తీసేసి బిరుదు ఇవ్వడం మా మండలి సాధించిన మొదటి పొదుపు. చప్పట్లు కొట్టారు. చప్పట్లయ్యాక తాళంచెవి అడిగారు.

ఇప్పుడా కొట్టును శాంతియాగో కంపెనీ ఒకటి నడుపుతోంది. చక్కెర తీసేసి, పలకడానికి నోరు తిరగని పొడి ఏదో కలిపిన బిస్కెట్లు అమ్ముతున్నారు. వాటి మీద ఒక్క ముద్ర కూడా లేదు. ఎన్ని కావాలంటే అన్ని ఇస్తారు. దోన్ క్లోదోమీరో రెండుసార్లు తనిఖీ చేసి రెండుసార్లూ నూటికి నూరు వేశాడు.

ఒర్ఫెలీనాకు అరవై తొమ్మిదేళ్లు. రేవు దగ్గర, చేపల బజారుకు ఎదురుగా సోపైపీయల తోపుడుబండి పెట్టుకుంది. మధ్యాహ్నం రెండింటికల్లా బాణలి దించేస్తుంది. ఆదివారం సెలవు.