వల తొక్కిన మా అత్త

మా మేనత్త పోయింది. సామర్లకోట చేపల మార్కెట్లో, పొద్దున్న పదింటికి, పక్క బుట్ట మనిషితో జాగా గురించి తగువు పడుతూ, తిట్టు మధ్యలో ఆగి, కూర్చున్న చోటే ఒరిగిపోయిందట. నాన్న ఫోన్ చేసినప్పుడు నేను కాకినాడ గ్రౌండులో ఆడపిల్లలకి ఫుట్‌బాల్ ప్రాక్టీసు చేయిస్తున్నాను. "అక్క పోయిందే" అన్నాడు. ఎలాగని అడిగితే, "కొట్టుకుంటానే పోయింది" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపు కంటే ముందు నవ్వొచ్చింది. జ్వరంతో మంచం మీద పోయిందంటే నమ్మేదాన్ని కాదు.

నేను దేశం తరఫున ఆడినదాన్ని. స్ట్రైకర్‌ని, అంటే గోల్ కొట్టడమే నా పని. సన్మానాలకి పిలిచినవాళ్ళందరూ మీ గురువెవరని అడుగుతారు. ఇన్నాళ్ళూ కోచ్‌ల పేర్లు చెప్పి తప్పించుకున్నాను. ఈసారి ఉన్నమాట రాస్తున్నాను.

అత్త సాధువని మాత్రం చెప్పలేను. చెయ్యి మహా దురుసు. కట్టుకున్నవాడు తాగొచ్చి కొడితే పడవ తెడ్డుతో అతని భుజం విరగ్గొట్టి, అదే తెడ్డు పట్టుకుని నడిచి మా ఇంటికి వచ్చేసింది. ఇక వెళ్ళలేదు. నాకూ తగిలేవి. అన్నం పారేస్తే ఒకటి, అబద్ధమాడితే రెండు. కొట్టిన కాసేపటికి ఏమీ జరగనట్టు వచ్చి, చేప ముళ్ళు తీసి నా నోటికి అందించేది. నేను ఉక్రోషంతో నోరు బిగించుకునేదాన్ని. వాసనకి నోరు దానంతటదే తెరుచుకునేది.

మాది కాకినాడ అవతల సముద్రం ఒడ్డున చిన్న ఊరు. వేటకెళ్ళే వలని ఆడది దాటకూడదని మా దగ్గర కట్టుబాటు. నాకు పదకొండేళ్ళప్పుడు, ఇసుకలో మగపిల్లలతో ఆడుతుంటే, బంతి ఆరేసిన వలల అవతలికి దొర్లింది. చుట్టూ తిరిగి వెళ్ళాలని తెలుసు. కానీ అవతల గోల్ ఖాళీగా ఉంది. దూకేశాను. మర్నాడు ఆ వల నీళ్ళలో ఏదో మొద్దుకి పట్టి, సగానికి చిరిగి వచ్చింది. పెద్దలు నాన్నని పిలిచి నలుగురిలో నిలబెట్టారు. నాన్న ఇంటికొచ్చి నన్ను వీధిలోకి ఈడ్చి, పడవ మోకుతో కొట్టాడు. "ఈ కాళ్ళేగా దాటింది" అంటూ కాళ్ళ మీదే కొట్టాడు. పెద్దలు నిలబడి చూస్తున్నారు. మూడో దెబ్బకి పిక్క చిట్లి రక్తం ఇసుకలో పడింది. ఆపినవాళ్ళు లేరు.

అత్త అప్పుడే మార్కెట్ నుంచి వస్తోంది. బుట్ట దించి, మోకు లాక్కుని, తమ్ముడని చూడకుండా నాన్న మొహం మీద కొట్టింది. ఆయన పై పెదవి మీద ఆ గాటు ఇప్పటికీ ఉంది. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆమె తిన్నగా ఒడ్డుకి నడిచి, ఆరేసిన వలలన్నిటినీ తొక్కుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళి, మళ్ళీ తొక్కుకుంటూ వెనక్కి వచ్చింది. వచ్చి ఊరి పెద్ద ఎదురుగా నిలబడింది. "అది పిల్లది, దూకింది. నేను తొక్కాను. ఇప్పుడు నన్ను కొట్టండి" అంది.

ఎవరూ కొట్టలేదు. అంతకంటే గట్టి పని చేశారు. మా ఒడ్డున రోజూ పొద్దున్నే జరిగే చేపల వేలంలో ఆమెకి చేప ఇవ్వకూడదన్నారు. "ఆ పిల్లని ఆట మానిపించు, రేపే మాట తీసేత్తాం" అన్నాడు పెద్దాయన. "అది ఆడుద్ది" అంది అత్త. మర్నాటి నుంచి కాకినాడ హార్బరుకి ఆటోలో పోయి, అక్కడ చేప కొని, సామర్లకోట తీసుకెళ్ళి అమ్మడం మొదలుపెట్టింది. ఇది కొన్నాళ్ళేనని, తర్వాత అందరూ మరిచిపోయారని నేననుకున్నాను. అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

ఆటంటే ఆమెకి బొత్తిగా తెలియదు. రాజమండ్రిలో నా మొదటి స్కూలు మ్యాచికి వచ్చి గట్టు మీద కూర్చుంది. ఒక డిఫెండరు నా పిక్క మీద తన్నితే పడి ఏడ్చాను. లేచేసరికి అత్త గ్రౌండు మధ్యలో ఉంది, ఆ పిల్ల జడ ఆమె గుప్పిట్లో ఉంది. మా పీఈటీ మాస్టారు పరుగెత్తుకొచ్చి, "అమ్మా, మీకు దణ్ణం పెడతానండి, బయటికి రండి" అని బతిమాలారు. మేం ఓడిపోయినట్టు రాసేశారు. బస్సులో నాతో ఎవరూ మాట్లాడలేదు. అత్త మాత్రం నా పిక్కకి నూనె మర్దనా చేస్తూ, "పడితే ఏడుత్తావేంటే? ఎవరన్నా కాలెత్తితే ఊరుకోకు" అంది.

ఆ మాట నాకు బాగా ఒంటబట్టింది. నా ఆటలో కాళ్ళెంతో మోచేతులూ అంతే. రాష్ట్రానికి ఆడినప్పుడు నావి రెండు పళ్ళు పోయాయి, నా వల్ల పోయినవి అంతకంటే ఎక్కువే. దేశం జెర్సీ వేసుకున్నాకా మారలేదు. విదేశంలో ఒక పెద్ద మ్యాచిలో ఒక డిఫెండరు ఆట పొడుగునా నా జెర్సీ పట్టి లాగుతూనే ఉంది. చివర్లో వెనక్కి తిరిగి పిడికిలితో నోటి మీద గుద్దాను. ఆమె పన్ను తగిలి నా వేలు ఎముక కనబడేలా తెగింది. రెడ్ కార్డు చూపించారు. మిగిలిన పదిమందీ ఓడిపోయారు. నన్ను ఏడాది పాటు ఆడకుండా నిషేధించారు.

అత్త మెచ్చుకుంటుందనే ఇంటికొచ్చాను. గుమ్మంలోనే చెంప పగిలింది.

"ఆ పిల్ల నీ కూడు లాక్కుందా?"

"జెర్సీ లాగింది అత్తా."

"గుడ్డ లాగితే పళ్ళూడగొడతావా? నువ్వు ఆడాలని నేను కొట్టుకున్నాను. నువ్వు కొట్టి ఆట పోగొట్టుకొచ్చావు."

మర్నాడు తెల్లవారుతుండగా ఆమె బుట్టతో ఆటో ఎక్కుతుంటే చూశాను. ఎదురుగానే ఒడ్డున వేలం జరుగుతోంది. అత్త ఎక్కడికని నాన్నని అడిగాను. "హార్బరుకి. నువ్వు వల దాటిన కాణ్ణించీ అంతే కదా" అన్నాడు. అప్పటికి పదేళ్ళయింది. నేను విమానాలెక్కి తిరిగిన రోజుల్లో కూడా ఆమె ఆ ఆటోలోనే తిరిగింది, నాతో ఒక్క మాట అనలేదు. సిగ్గుతో నాకు కళ్ళు కనబడలేదు. గోడకున్న తెడ్డు తీసుకుని పెద్దాయన ఇంటి మీదకి బయల్దేరాను. అత్త ఆటో దిగి అడ్డం వచ్చింది. ఇద్దరం వీధిలో పెనుగులాడాం. నా మణికట్టు మెలిపెట్టి తెడ్డు లాక్కుంది. "ఇది నా తగువు. నీది గ్రౌండులో ఉంది, పో" అంది.

ఏడాది తర్వాత మళ్ళీ జట్టులోకి వెళ్ళాను. నా కోపం సంగతి అందరికీ తెలుసు కాబట్టి రెచ్చగొట్టాలని కాళ్ళు పచ్చడయ్యేలా తన్నేవాళ్ళు. లేచి ఆడేదాన్ని. నేను కొట్టిన గోల్స్‌లో నాకు ఇష్టమైనవన్నీ ఆ తర్వాతవే. మోకాలు పూర్తిగా పోయేదాకా ఆడాను.

ఆట మానేసి ఊరొచ్చాక పెద్దాయనే పందిరి వేయించి నా మెడలో దండ వేశాడు. తన మనవరాలిని నా దగ్గర ఆటకి చేర్పించాడు కూడా. అత్త మీద మాట మాత్రం తీయలేదు. వలకి మొక్కి తప్పైందని అంటే తీసేస్తానన్నాడు. "తప్పు చేత్తే అందును" అంది అత్త. ఆ పూట సన్మానం భోజనం తినకుండా హార్బరుకి వెళ్ళిపోయింది.

మా ఊళ్ళో ఎవరైనా పోతే వాళ్ళని సాగనంపేదాకా పడవలు నీళ్ళలో దిగవు. అత్తకి ఆ మర్యాద చెల్లదని, రేపు వేట ఉందని, పెద్దాయన ఆమె పోయిన సాయంత్రమే కబురు పంపాడు. నాన్న, ఇంటికి తెచ్చిన అక్క కాళ్ళ దగ్గర కూర్చుని అలాగే ఉండిపోయాడు. నాకు ఒళ్ళంతా మండింది. తెల్లవారుతుండగా ఒడ్డుకి వెళ్ళాను. కొట్టడానికే వెళ్ళానని ఒప్పుకుంటున్నాను.

అప్పటికే నా దగ్గర ఆడే, అత్తని మామ్మా అని పిలిచే మా ఊరి ఆడపిల్లలు ఏడుగురు జెర్సీలు వేసుకుని వచ్చి, పడవలకీ నీళ్ళకీ మధ్య తడి ఇసుకలో వరసగా కూర్చున్నారు. నేను చెప్పలేదు. మగవాళ్ళు చుట్టూ చేరి అరుస్తున్నారు. పెద్దాయన కొడుకు తన కూతుర్ని లేవమన్నాడు. అది లేవలేదు. జుట్టు పట్టి లేపి, చాచి కొట్టి వదిలాడు. పెదవి చిట్లింది. నేను పిడికిలి బిగించి ముందుకు వెళ్ళాను. ఆ పిల్ల నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపి, మళ్ళీ అక్కడే కూర్చుంది.

"మామ్మని తీసుకెళ్ళాక లేత్తాను నాన్నా" అంది.

అతను రెండోసారి చెయ్యెత్తాడు. పక్కనున్న పిల్ల జరిగి దాన్ని ఆనుకుని కూర్చుంది, దాని పక్కనున్నది కూడా. ఎత్తిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియక అతను పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

ఎండెక్కాక మేం అత్తని తీసుకెళ్ళాం. దారి మలుపులో వెనక్కి తిరిగి చూశాను. పడవలన్నీ ఇసుకలోనే ఉన్నాయి. పోటు వచ్చి నీళ్ళు పిల్లల నడుము దాకా తడిపి వెళుతున్నాయి, వాళ్ళు ఇంకా కూర్చునే ఉన్నారు.