వేలిముద్రల పక్కన పేర్లు

మొన్న టీవీలో ఒక ఎమ్మెల్యే సొంత పార్టీవాళ్లే, ఈసారి ఆయనకు టికెట్ ఇవ్వొద్దంటూ రోడ్డెక్కి అరుస్తుంటే, మా ఇంట్లోవాళ్లు సినిమా చూసినట్టు చూశారు గానీ నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఎనభైల్లో అలా అరిచినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

అప్పటికి గుంటూరు జిల్లాలో, ఊరికి ఎడంగా ఉండే మా పాలెం మిషన్ బడిలో పంతులుగా కొత్తగా చేరాను. సర్కారు కట్టిస్తున్న మా కాలనీ ఇళ్లకు వచ్చిన సిమెంటూ ఇనుమూ ఎమ్మెల్యే మనుషులే మింగేశారని ఊరంతా అనుకునేది. స్లాబుల్లేని మొండిగోడలు మా కళ్ల ముందే ఉండేవి. అదే పార్టీలో ఇంకొకాయన, పత్తీ మిరపా పండించే ఆసామి, టికెట్ తనకొస్తే మా ఇళ్లు పూర్తి చేయిస్తానంటూ వచ్చి, చర్చి మెట్ల మీద కూర్చుని మా గ్లాసుతోనే టీ తాగాడు. అంతే, మేం పడిపోయాం. మా గ్లాసు ముట్టుకున్న ఆసామిని అంతకుముందు చూడలేదు మరి!

ఎమ్మెల్యే మీద పార్టీ పెద్దలకు అర్జీ పెట్టాలన్నాడాయన. రాసింది నేనే. ఉత్త వేలిముద్రలైతే దొంగ ముద్రలంటారని, ప్రతి ముద్ర పక్కనా పేరూ, తండ్రి పేరో భర్త పేరో, ఇంటి నంబరూ గుండ్రటి అక్షరాలతో రాయడం కూడా నా తెలివే. ఆదివారం ఆరాధన అయ్యాక, జంకిన కొద్దిమంది తప్ప అందరూ వేశారు. పెదనాన్న పోయాక మిరపకోతలతో బతుకుతున్న మా పెద్దమ్మ కూడా, ఇల్లు గోడలదాకా వచ్చింది గదా, ఇప్పుడు వాళ్లతో తగువెందుకురా అని వెనకాడింది. దేవుడి ఎదుట నిజం చెప్పడానికి భయమేమిటని నేనే ఆవిడ వేలు పట్టుకుని ముద్ర వేయించాను.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. టికెట్ మళ్లీ పాతాయనకే వచ్చింది. మార్కెట్ యార్డు పదవి ఇస్తామనగానే మా ఆసామి రాజీపడ్డాడు. పడితే పడ్డాడు, మా అర్జీని తీసుకెళ్లి ఆ ఎమ్మెల్యే చేతిలోనే పెట్టాడు, ద్రోహి. ఎన్నికలయ్యాక స్లాబులు పడ్డాయి, అర్జీలో పేరు లేని ఇళ్లకు మాత్రమే. ఒక్క ఇంటి దగ్గర కూడా పొరపాటు జరగలేదు, నంబర్లు అంత స్పష్టంగా రాశాను కదా!

పెద్దమ్మకైనా కట్టించండని వెళ్లి బతిమాలాను. ఎమ్మెల్యేగారి గుమాస్తా ఆ కాగితాలు తిరగేసి, "మీ దస్తూరి ముత్యాల్లా ఉందండీ పంతులుగారూ" అన్నాడు.

ఆవిడ ఆ మొండిగోడల మీద తాటాకు కప్పించుకుని చివరిదాకా అందులోనే ఉంది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. వానల్లో నేను వెళ్తే మాత్రం, "అటు కూకోబాక నాయనా, అక్కడ కారుద్ది" అనేది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మా పాలెంలో అన్నీ డాబాలే. పిల్లలు చదువుకున్నారు, ఎవడి మాటా ఊరికే నమ్మరు, మంచిదే. కానీ నేను చెప్పానని మారుమాట లేకుండా వేలు చాపే మనిషి నాకిప్పుడు ఎవరూ లేరు. ఉన్నా, ఆ వేలు పట్టుకునే ధైర్యం నాకు లేదు.