ఆవిరి గుడారమూ, మడి స్నానమూ

మా శివాలయంలో తెల్లవారుజామున జరిగే అభిషేకం పెద్దకొడుకుగా నాకు సంక్రమించిన బాధ్యత. గర్భగుడిలో పీట వేసుకొని, మఠం వేసి కూర్చొని చేయవలసిన పని అది. కొంతకాలంగా నా మోకాళ్ళు అందుకు అంగీకరించడం లేదు. నిద్ర లేచేసరికి కొయ్యల్లా బిగిసి ఉంటాయి. విజయనగరం వైద్యుడు కాపడం పెట్టమన్నాడు. వేడినీళ్ళ సంచి చాలలేదు. అప్పుడు నా తమ్ముడు మడతపెట్టే ఆవిరి గుడారం ఒకటి తెప్పించి, వెనుక వసారాలో నిలబెట్టాడు.

మనిషి లోపల కూర్చుంటే తల మాత్రమే బయట ఉండే గుడ్డ డేరా అది. పక్కన కరెంటు కుక్కరు వంటి పాత్రలో నీళ్ళు మరిగి, గొట్టం గుండా ఆవిరి లోపలికి వస్తుంది. దాని గుణాలను ముందు చెప్పడం న్యాయం. ప్రత్యేకమైన గది అక్కరలేదు. పని ముగిశాక మంచం కిందికి తోయవచ్చు. చీపురుపల్లిలో బస్సెక్కి విజయనగరం పోయి, ఆసుపత్రి బల్లమీద కాచుకొనే బాధ తప్పింది. అన్నిటికన్నా ముఖ్యం, బయటికి రాగానే మోకాళ్ళు మడతపడేవి.

దోషాలు తరువాత తెలిశాయి. మన ఉక్కపోతలో దానిలో కూర్చుంటే ఊపిరి తేలికగా ఆడదు. కరెంటు పోతే చెమటతో చల్లబడుతూ ఉండాలి. నాకు రక్తపోటు ఉన్నందువల్ల నా భార్య కూడా నాతోపాటు వేకువనే లేచి పక్కన కాపలా కూర్చునేది. ఆమె నిద్ర కూడా పాడైంది. ఆ గుడ్డను తిరిగి గుండ్రంగా చుట్టడం నాకిప్పటికీ చేతకాలేదు.

ఒక వేకువన పక్కింటి రైతు పాలు తెచ్చి, నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏటి పంతులుగారూ, ఇడ్లీనాగ ఉడికిపోతన్నారేటి?"

"పాలు అక్కడ పెట్టి వెళ్ళు."

"ఎల్తాన్లెండి. మూత తీసినాక సెప్పండి, సట్నీ అట్టుకొస్తాను."

నా భార్య నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైంది.

అసలు చిక్కు మడితో వచ్చింది. చెమట పట్టిన ఒంటితో గర్భగుడిలోకి పోరాదు. నూతి దగ్గర చన్నీళ్ళు తలమీద పోసుకొని, మడిపంచె కట్టుకోవాలి. ఆవిరి సడలించిన కీళ్ళను ఆ నీళ్ళు మళ్ళీ బిగించేవి. రాత్రి ఆవిరి పడితే తెల్లవారేసరికి దాని ఫలం మిగిలేది కాదు.

"వేడినీళ్ళు పోసుకో అన్నయ్యా. రోగికి శాస్త్రం ఒప్పుకుంటుంది," అన్నాడు తమ్ముడు.

"స్నానానికి ఒప్పుకుంటుంది. అట్లా స్నానం చేసిన రోగిని పీటమీద కూర్చోమనలేదు."

"అయితే నొప్పితోనే కూర్చుంటావేటి?"

కూర్చున్నాను. మాఘమాసంలో ఒక సోమవారం హారతి ఇవ్వడానికి లేవబోతే కాళ్ళు లేవలేదు. భక్తులు చూస్తుండగా తమ్ముడు నా చంకల కింద చేతులు వేసి లేపాడు. హారతి పళ్ళెం వాడే అందుకున్నాడు.

ఇంటికి వచ్చి, పీట వాడికి అప్పగిస్తున్నానని చెప్పాను. వాడు తల వంచుకొని విన్నాడు. "అయితే రేపు నన్ను లేపకండి," అని నా భార్య లోపలికి పోయి పడుకుంది.

ఇప్పుడు ఆవిరి సాయంత్రం పడుతున్నాను. దాని తరువాత చన్నీళ్ళు లేవు. అభిషేకవేళ మండపంలో కుర్చీమీద కూర్చొని నమకం చదువుతాను. తమ్ముడు ధార కొంచెం తొందరగా పోస్తాడు. నేను గొంతు నెమ్మది చేస్తే, వాడి చెయ్యి నెమ్మదిస్తుంది.