నరసింహ తుపాకీకి బొట్టు

అమెరికాలోని బెంటన్‌విల్‌లో నరసింహ ఆఫీసులో డేటాబేస్ మనిషి, ఇంటికొస్తే పాత తుపాకుల మనిషి. వేటాడతాడా అంటే, ఈగను కూడా తోలతాడేగాని కొట్టడు. తాతల కాలంనాటి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు, వాటితో ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన నూనె బుడ్డి, తుడిచే కడ్డీ, తోలు పట్టీ, ఇవన్నీ విడిపోకుండా ఒకచోట చేర్చడమే ఆయన సరదా. పెళ్లిళ్ల పేరయ్యకున్నంత ఓపిక ఆయనది.

ఆ సరదాకి ఒకటే శాస్త్రం: మురికి తీయరాదు. ఇత్తడికి పట్టిన నలుపే దాని వయసు. తోమావో, వయసు పోయింది, మళ్లీ రాదు.

ఆయన దగ్గరున్న స్వీడన్ రైఫిల్‌కి అన్నీ దొరికాయిగాని, భుజానికి తగిలించుకునే తోలు పట్టీ ఒక్కటే దొరకలేదు. ఆ రైఫిల్ నంబరే అచ్చుపడిన పట్టీ ఊరి చివర వాల్టర్ అనే ముసలాయన దగ్గరుంది. "అమ్మేది కాదు నర్సీ. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచేవాడికి ఊరికే ఇస్తా. శనివారం వచ్చి నీ రైఫిల్ చూశాక చెప్తా" అన్నాడాయన. నరసింహకు వారమంతా నిద్ర లేదు.

శనివారం పొద్దున్నే రైఫిల్ లాకర్‌లోంచి తీశాడు. గుళ్లు లేవని ఒకటికి రెండుసార్లు చూసి, డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి పడుకోబెట్టి, పక్కన దాని నూనె బుడ్డి పెట్టాడు. వాల్టర్ కోసమని డోనట్లు తేవడానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి ఇల్లంతా అగరొత్తుల వాసన. గరాజ్‌లో కారుకి నిమ్మకాయలు, వంటింట్లో మిక్సీకి బొట్టు. దసరా కదా! నరసింహకి రైఫిల్ గుర్తొచ్చింది. డైనింగ్ టేబుల్ దగ్గరికి పరుగెత్తాడు.

రైఫిల్ కర్రకు నిండా పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. ఇనప గొట్టానికి చామంతి దండ. పక్కన ఇత్తడి నూనె బుడ్డి కొత్త పెళ్లికూతురి ముక్కుపుడకలా మెరుస్తోంది.

"అత్తయ్యగారూ! ఏం చేశారండీ ఇది?"

ఏలూరు నుంచి కూతురింటికొచ్చిన రాజేశ్వరమ్మగారు చింతపండు చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చారు. "ఆయుధపూజ బాబూ. ఇంట్లో నిఖార్సైన ఆయుధం పెట్టుకుని లాప్‌టాప్‌కి బొట్టు పెట్టుకుంటామా? ఆ బుడ్డి ఎంత మసిపట్టి ఉందనుకున్నారు! మా రాధ ఇల్లు ఇలా పెట్టుకుందేమిటని తోమి, నువ్వులనూనె పోశాను."

"రాధా! నువ్వైనా చెప్పొద్దా?"

"నేను స్నానంలో ఉన్నానండీ," అంది రాధారాణి నవ్వాపుకుంటూ. "అదిగో, మీ వాల్టర్ వచ్చేశాడు."

బయట పికప్ ఆగిన చప్పుడు. నరసింహ దండ లాగేసి డోనట్ల పెట్టెలో కుక్కాడు. టిష్యూతో బొట్టు తుడిస్తే అది చెరిగి ఇంత పొడుగున పాకింది. దిక్కుతోచక బుడ్డిని ప్యాంటు జేబులో దోపుకున్నాడు. మూత సరిగా బిగించలేదు కాబోలు, తొడ మీదుగా జిడ్డుగా ఏదో దిగుతోంది.

వాల్టర్ లోపలికొచ్చాడు. భుజాన ఆ పట్టీ. ముదురు గోధుమరంగు తోలు, మడతల దగ్గర పగుళ్లు, కొసన నంబరు. నరసింహ దాన్నే చూస్తున్నాడు. వాల్టర్ పచ్చగా ఉన్న కర్రను చూస్తున్నాడు.

"నూనె బుడ్డి ఏది?"

నరసింహ జేబులోంచి తీసి ఇచ్చాడు. వాల్టర్ దాన్ని వెలుతురుకెత్తి పట్టాడు. బొటనవేలితో రుద్ది చూశాడు.

"ఎవరు తోమారు?"

ఆ క్షణంలో అత్తగారి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఆవిడ దసరా పట్టుచీరలో, ఏం తప్పు జరిగిందో తెలియక అందరి మొహాలూ చూస్తూ నిలబడి ఉన్నారు. "నేనే," అన్నాడు నరసింహ.

వాల్టర్ తల ఊపి బుడ్డి బల్ల మీద పెట్టాడు. పట్టీని మళ్లీ భుజానికి సర్దుకున్నాడు. అయిపోయింది.

రాజేశ్వరమ్మగారికి మాత్రం వచ్చినాయన ఒంటిమీద ఇంకో ఆయుధసామగ్రి కనబడింది. "పండగపూట వచ్చారు, పాపం!" అంటూ కుంకుమలో ముంచిన వేలు పట్టీ వైపు చాచారు.

"ముట్టుకోకండి!" నరసింహ గర్జించి, అడ్డంగా దూకి, వీపుతో పట్టీని కాచాడు. కుంకుమంతా ఆయన చొక్కాకంటింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తగారి మీద గొంతెత్తింది ఇదే మొదలు.

ఆవిడ వేలు గాల్లోనే ఉండిపోయింది. తరవాత గిరుక్కున తిరిగి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

వాల్టర్ ఆ తలుపు కేసి చూశాడు, నూనె కారుతున్న ప్యాంటు కేసి చూశాడు. "నువ్వు తోమలేదు," అన్నాడు. భుజం మీంచి పట్టీ తీసి నరసింహ చేతిలో పెట్టాడు. "దీన్ని లాకర్‌లోనే ఉంచు. తాళంచెవి ఆవిడ కంట పడనీకు." డోనట్ తీసుకుందామని పెట్టె తెరిచి, చామంతులు చూసి, మర్యాదగా మళ్లీ మూసేశాడు.

పికప్ వెళ్లిపోయింది. నరసింహ పట్టీని రెండు చేతులతో పట్టుకుని మురిసిపోతుంటే రాధారాణి నవ్వు ఆపేసింది.

"మా అమ్మ సూట్‌కేస్ సర్దుతోంది. లోపలికెళ్లి ఏం చెప్తారో చెప్పండి. ముందు ఆ ప్యాంటు మార్చుకోండి."