తిరుత్తణి పేర్ల మధ్య ఖాళీ వరుస

నాన్న కార్డులో మూడే వాక్యాలు రాశాడు. "కాలు విరిగింది. ఈ ఆదివారం బల్ల ఉంది. శుక్రవారం బయలుదేరి రా." ఎలా విరిగింది, నొప్పి ఉందా లేదా, ఒక్క ముక్క లేదు. మా నాన్న ఉత్తరాలన్నీ అంతే.

బల్ల అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. నెలకోసారి గుడిలో ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. తిరువళ్ళూరు తెలుగు సంఘంలో దానికో పాత పద్ధతి ఉంది. ఆదివారం బల్లకి రాదలచుకున్నవాళ్ళ పేర్లు సంఘ పెద్ద ముందురోజే ఇంటింటికీ పోయి నోటుబుక్కులో రాసుకోవాలి. ఎవరితోనైనా తగవుంటే తెల్లవారేలోపు సర్దుకోండని దాని అర్థం. ఇరవై ఏళ్ళుగా ఆ పెద్ద మా నాన్నే. పొలిమేర ఊళ్ళన్నీ సైకిలు మీద, తిరుత్తణి మాత్రం రైల్లో తిరిగేవాడు. ఇప్పుడు కాలు విరిగింది కాబట్టి ఆ పుస్తకం తిప్పే పని నా మీద పడింది. అప్పటికి నేను మద్రాసులో బడి పంతులమ్మని. ఇది డెబ్బైతొమ్మిది నాటి మాట.

శుక్రవారం బడి విడిచి, సెంట్రల్లో అయిదున్నర లోకల్ ఎక్కాను. తిరునిన్రవూరు దాకా నిలబడే ప్రయాణం. అక్కడ ఆఫీసు జనం దిగాక కూర్చునే చోటు దొరికింది, కానీ కాళ్ళు చాపుకునేలోపే తిరువళ్ళూరు వచ్చేసింది. ఏడు దాటింది.

నాన్న మంచం మీద సిమెంటు కట్టుతో ఉన్నాడు. గుడి గోడ మీద పది ఆజ్ఞల పలక వంకరగా ఉందని, సరిచేద్దామని స్టూలెక్కి పడ్డాడట. "పలక ఇప్పటికీ వంకరగానే ఉంది" అంది అమ్మ, రసం వడ్డిస్తూ. నవ్వాలని ఉన్నా నాన్న మొహం చూసి ఆపుకున్నాను.

భోజనమయ్యాక తిరుత్తణిలో ఎవరి ఇంటికి ముందు పోవాలో, ఎవరి తర్వాత ఎవరో చెబుతూ, పుస్తకంలో ఈ నెల పేజీ మీద ఇంటికో వరుస చొప్పున ఇంటిపెద్దల పేర్లు వేసి ఇచ్చాడు. మొత్తం ఐదిళ్ళు. పొలిమేర ఊళ్ళ పేర్లు సంఘం కుర్రాళ్ళు రాసుకొస్తారట. "మరి మామ ఇల్లు?" అని అడిగాను. నాన్న కళ్ళద్దాలు తీసి డబ్బాలో పెట్టుకున్నాడు. "ఐదిళ్ళే" అన్నాడు.

మామ అంటే అమ్మ తమ్ముడు యేసురత్నం. తిరుత్తణిలో దర్జీ. అత్త పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. నాలుగేళ్ళ కిందట ఆడికృత్తిక పండక్కి మామ, పక్కింటాయన మొక్కు కావడిని భుజాన ఎత్తుకుని, కొండ మీది గుడికి పోయాడని సంఘంలో గొడవైంది. విగ్రహానికి మొక్కుబడి మోయడం మొదటి ఆజ్ఞకే తప్పు కాబట్టి లేచి నిలబడి తప్పొప్పుకోవాలని నాన్నే అందరి ముందూ అడిగాడు. మామ లేచాడు, కానీ ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి మామ మా గుమ్మం తొక్కలేదు, పుస్తకం ఆయన గుమ్మం తొక్కలేదు. వాళ్ళిద్దరూ ఒకప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్ళు. అమ్మ మాత్రం ఇద్దరి మధ్యా నలిగిపోయింది.

పొద్దున్నే అమ్మ నా సంచిలో చింతకాయ పచ్చడి జాడీ పెట్టింది. "ఆయన పుస్తకం పోకుంటే పోనీ, నా పచ్చడి పోతాది" అంది. మామ పేరు కూడా అడిగి రాసుకుని రమ్మనలేదు గానీ, కళ్ళతో అడిగింది. నాకూ ధైర్యం లేదు. నేనూ నాన్న కూతుర్నే. పిల్లలకి అరమార్కు కూడా ఊరికే వెయ్యను.

ఆరు యాభైకి రేణిగుంట వైపు పోయే ప్యాసింజరు. సీటు కావాలంటే ముందు పెట్టెలెక్కండి, వెనక పెట్టెలు కొండకి పోయే జనంతో నిండి ఉంటాయి. నేను తెలియక వెనకే ఎక్కాను. ఎదురుగా ఒకామె, ఒళ్ళో మొదటిసారి గుండు కొట్టించాల్సిన పసిబిడ్డ. కొండకేనా అని అడిగింది. కాదు, పేర్లు రాసుకోవడానికి అన్నాను. "రేషన్ కార్డుకా?" అంది. కాదని చెప్పి, కావడి గురించి అడిగాను.

"ఎత్తుకున్నాక నడుమన కిందికి దించకూడదమ్మా. దించితే మొక్కు పోయినట్టే, ఏడాది పాటు పడిన కష్టమంతా మళ్ళీ మొదటి నించే" అంది. తర్వాత తన డబ్బాలోంచి నాకో ఇడ్లీ పెట్టింది. పుచ్చుకుని తిన్నాను. మొక్కుబడికి పోయే మనిషి చేతి ఇడ్లీ తిన్నందుకు నాన్న ఏమంటాడోనని ఒక్క క్షణం అనిపించింది, ఇడ్లీ బాగుంది.

ఎనిమిదింపావుకి తిరుత్తణి. స్టేషనుకి ఎదురు హోటల్లో కాఫీ తాగి బజారు వీధిలో నడిచాను. ఇళ్ళన్నీ ఒకే వీధి పొడవునా ఉన్నాయి. మొదటి మూడిళ్ళలో వస్తామన్నవాళ్ళ పేర్లు ఆ ఇంటి వరుసలో రాసుకున్నాను. ఒక ఇంట్లో భార్యాభర్తలు మాట్లాడుకోవడం లేదట. పుస్తకం చూడగానే ఆయన లోపలికి పోయి ఆమెతో రెండు మాటలు చెప్పి వచ్చాడు. "ఇప్పుడు రాయి పాపా" అన్నాడు. ఈ పద్ధతిని నేను పాతచింతకాయ అని వెక్కిరించేదాన్ని. ఆ పొద్దు వెక్కిరించబుద్ధి కాలేదు.

మూడో ఇంటి తర్వాత వచ్చింది మామ దుకాణం. తలుపు తీసే ఉంది, మిషను చప్పుడు వినిపిస్తోంది. నేను తల వంచుకుని, ఎదురు పక్కకి మారి దాటేశాను. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆఖరి ఇల్లు ఎస్తేరక్కది. టీ ఇచ్చి, "రేపు నేను రాలేను, పిల్లకి జరం. గుడ్డ నువ్వే తీసుకుపో" అంది. ఏ గుడ్డ అని అడిగాను. బల్ల మీద పరిచే తెల్లగుడ్డ. నెలనెలా తనే తీసుకొచ్చి ఇస్తుందట, ఉతికి ఇస్త్రీ చేసేది మాత్రం యేసురత్నం మామట. నాలుగేళ్ళుగా ఒక్క నెల తప్పలేదు.

"నాన్నకి తెలుసా?"

"ఆయన అడగలే, నేను చెప్పలే" అంది ఎస్తేరక్క.

తిరిగి వస్తూ వీధి అరుగు మీద కూర్చుని నోటుబుక్కు తెరిచాను. రాత్రే ఒక విషయం గమనించాను గానీ పట్టించుకోలేదు. తిరుత్తణి పేర్లలో మూడో ఇంటి వరుస తర్వాత ఒక వరుస ఖాళీగా ఉంది. వెనక్కి తిప్పాను. పోయిన నెలా అంతే, దాని ముందు నెలా అంతే. నాన్న కరెంటు బిల్లు వెనక కూడా రాసే మనిషి, కాగితంలో వేలెడు చోటు వృథా చెయ్యడు. మరే ఊరి పేర్ల మధ్యా ఖాళీ లేదు. ఇప్పుడు వీధి నడిచి వచ్చాను కాబట్టి తెలిసింది. మూడో ఇంటికీ నాలుగో ఇంటికీ మధ్య మామ దుకాణం. నాలుగేళ్ళు, ప్రతి నెలా, నాన్న ఆ వరుస మామ కోసం వదిలిపెట్టాడు.

నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని దుకాణంలోకి పోయాను.

మామ బొగ్గుల పెట్టెతో ఆ తెల్లగుడ్డే ఇస్త్రీ చేస్తున్నాడు. నన్ను చూసి, "దాటిపోయినప్పుడే చూసినా. ఎప్పుడొస్తావా అనుకుంటా ఉండా" అన్నాడు. పచ్చడి జాడీ తెరిచి వాసన చూసి, లేచి పొయ్యి మీద ఎసరు పెట్టాడు. మధ్యాహ్నం ఆ పచ్చడితోనే ఇద్దరం అన్నం తిన్నాం. అప్పుడు అడిగాను, ఆ రోజు ఎందుకు ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయావని.

పక్కింటి కన్నయ్య బిడ్డకి కామెర్లు తగ్గితే కావడి ఎత్తుతానని మొక్కుకున్నాడట. నడవలేని కన్నయ్య తల్లిని పట్టుకుని ఎక్కించడానికి మామ కూడా వెళ్ళాడు. సగం మెట్లు దాటాక కన్నయ్య కాలు పట్టేసి పడబోయాడు. కావడి కింద పడితే ఆ ఇంటి మనుషులు ఏడాదంతా కుమిలిపోతారు. మామ భుజం పెట్టాడు. పైదాకా మోసి, గుడి వాకిట్లో వాళ్ళకి అప్పగించి దిగివచ్చాడు. లోపలికి పోలేదు, మొక్కలేదు.

"తప్పే అయుంటాది పాపా. నాకు వాక్యం బావంత తెలీదు" అన్నాడు. "కానీ మళ్ళా అట్ల ఎవురైనా పడబోతే మళ్ళా పట్టుకుంటా. ఇంక చెయ్యనని అందరి ముందరా ఎట్ల చెప్పేది? అబద్ధం చెప్పి బల్ల దగ్గరికి పోతే అది ఇంకా పెద్ద తప్పు గదా. అందుకే నాకు నేనే నిలిచిపోయినా. గుడ్డైనా ఉతుకుదామని ఉతుకుతా ఉండా."

ఇద్దరూ ఇద్దరే. ఒకాయన ధర్మం తప్పకూడదని పిలవలేదు, ఇంకొకాయన ధర్మం తప్పకూడదని రాలేదు. కృప గురించి ఇద్దరూ ప్రతి ఆదివారం పాటలు పాడినవాళ్ళే.

మూడున్నర బండికి మామ సంచి మోసుకుని స్టేషనుకి వచ్చాడు. పెట్టెలో ఎక్కి సంచి పైన పెట్టాడు. నేను నోటుబుక్కు తీసి ఆయన చేతిలో పెట్టి, ఖాళీ వరుస చూపించాను, అది ఏ ఇంటి చోటో చెప్పాను. మామ కిటికీ పక్కన కూర్చుని ఒక్కో పేజీ తిప్పుతూ పోయాడు. ప్రతి నెలా వేలు పెట్టి చూశాడు. గార్డు ఈల వేశాడు. బండి కదిలింది. మామ దిగలేదు.

అరక్కోణంలో బండి పావుగంట ఆగింది. అప్పుడూ దిగలేదు. తిరువలంగాడు దాటాక ఉలిక్కిపడి, "పాపా, నాకు టికెట్టు లేదు" అన్నాడు. అక్కడి నుంచి తిరువళ్ళూరు దాకా ఆ మనిషి పడిన బాధ చెప్పలేను. ఏ స్టేషనొచ్చినా టికెట్లు చూసే నల్లకోటాయన కోసం తలుపు వైపే చూశాడు, తప్పించుకోవడానికి కాదు, ఒప్పుకోవడానికి.

అయిదింటికి దిగాం. మామ సూటిగా గేటు దగ్గర టికెట్లు తీసుకునే ఆయన ముందు నిలబడి, తిరుత్తణి నించి టికెట్టు లేకుండా వచ్చినానని తమిళంలో చెప్పాడు. వెనక జనం తోసుకొస్తున్నారు. ఆయన మామని కిందనుంచి పైకి చూసి, "సరి, పోంగ ఐయా", సరే వెళ్ళండయ్యా అని చెయ్యి ఊపాడు. మామ కదల్లేదు. తప్పు చేశాను, జరిమానా రాయండి అన్నాడు. ఆయన అప్పటికే వెనకవాళ్ళ చేతుల్లోంచి టికెట్లు తీసుకుంటున్నాడు. నేను మామ చొక్కా పట్టి లాగాను.

"ఊరికే వదిలేస్తే ఎట్ల పాపా?" అన్నాడు. రైలు బాకీ తీరేట్టు రేపు ఒక టికెట్టు ఎక్కువ కొని చింపేస్తానన్నాడు.

"ఈ ఒక్కసారి ఊరికే తీసుకో మామా" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో తమ్ముణ్ణి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. మామ సంచిలోంచి గుడ్డ తీసి మంచం మీద నాన్న పక్కన పెట్టాడు. నాన్న దాని అంచు వేళ్ళతో తడిమాడు. "పోయినేడు చిరిగిన చోట వేసిన కుట్టు చూసినప్పుడే అనుకున్నా. ఇంత సన్నంగా ఇంకెవురు కుడతారు" అన్నాడు.

"బావా, నేను మళ్ళా అయినా మోస్తా" అన్నాడు మామ. "అది చెప్పకుండా కూర్చోలేను."

"మోస్తావని తెలుసు" అన్నాడు నాన్న. "నిన్ను నలుగురిలో లేచి నిలబడమన్నానే గాని, ముందుగా వచ్చి నీ పక్కన కూర్చోలేదు. ఆ తప్పు నాది."

తర్వాత నన్ను పుస్తకం, పెన్సిలు అడిగాడు. పుస్తకం చేతిలో ఉన్నప్పుడు నాన్న అందరినీ మీరు అనే అంటాడు, అమ్మని కూడా. కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ ఖాళీ వరుస మీద పెన్సిలు ఆనించి అడిగాడు. "యేసురత్నం గారూ, రేపు బల్లకి వస్తారా?"

"వస్తా" అన్నాడు మామ.

ఆదివారం ఎనిమిదింటికి నాన్నని రిక్షాలో గుడి దాకా తీసుకెళ్ళాం. గుడికి ఐదు మెట్లున్నాయి. నాన్న భారీ మనిషి, మామ బక్కపలచన. నలుగురు పట్టుకుని కుర్చీతో ఎత్తుదామన్నారు. మామ వినలేదు, ముందుకొచ్చి వీపు వంచాడు. నాన్న ఆయన మెడ చుట్టూ చేతులేశాడు. కట్టు కట్టిన కాలు పక్కకి చాచుకుని నిలిచింది. సంఘమంతా చూస్తోంది. రెండో మెట్టు మీద మామ ఒక్కక్షణం ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"నడుమన దించొద్దురా" అన్నాడు నాన్న.

"దించను బావా" అన్నాడు మామ.

కావడి నడుమన దించకూడదని రైల్లో విన్నది రాత్రి నేనే నాన్నకి చెప్పాను, ఆ మాటల అర్థం తెలిసినవాళ్ళం అక్కడ ముగ్గురమే. లోపల పలక ఇంకా వంకరగానే ఉంది, ఎవరూ స్టూలెక్కలేదు. బల్ల దగ్గర మామ గిన్నె అందుకుంటుంటే ద్రాక్షరసం ఒక చుక్క తెల్లగుడ్డ మీద పడింది. నాన్న అది చూసి, గిన్నె కోసం తన చెయ్యి చాచాడు.

మీరెవరైనా తిరుత్తణి పోదలిస్తే పొద్దుటి ప్యాసింజరులో పొండి, ముందు పెట్టెలెక్కండి. మధ్యాహ్నం మూడున్నర బండికి అంత రద్దీ ఉండదు. ఇంతకు మించి నేను చెప్పగలిగింది లేదు. చిన్నప్పుడు కంఠస్థం పట్టిన కృప అనే మాటకి నేను ఎన్నో అర్థాలు చెప్పాను, పిల్లలకి నేర్పాను కూడా. ఈ రెండు రోజుల్లో అది మనుషులకి ఎంత కష్టంగా మింగుడుపడుతుందో, పడ్డాక మొహం ఎలా మారిపోతుందో చూశాను.

సాయంత్రం నాలుగింటికి మద్రాసు బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఎదుటి ప్లాట్‌ఫారం మీద మామ, చంకలో మరకపడిన గుడ్డ మడత. నన్ను చూసి జేబులోంచి ఏదో తీసి పైకెత్తి చూపించాడు. టికెట్టు. ఒక్కటే ఉంది, చింపడానికి ఇంకోటి కొనలేదు.