పస్తుండి పెంచుకున్న షుగర్

నాలాంటి తెలివిగలది తన సొంత లివర్ చేతిలో ఎలా ఓడిపోయిందో చెబుతాను. హాయిగా నవ్వుకోండి. మా తోడికోడలు రుక్మిణి ముందు మాత్రం నవ్వకండి, ఆమె ఇప్పటికే మీ అందరి వాటా కలిపి నవ్వేసింది.

పదేళ్ళ కిందటి మాట. మా ఇద్దరికీ ఒకే ఏడాది షుగర్ వచ్చింది. అవే మాత్రలు, అదే నడక, అయినా టెస్టులో ప్రతిసారీ ఆమెకే తక్కువ! ఆ కాగితం పట్టుకుని ఆమె ఇల్లంతా తిరుగుతుంటే నా కడుపులో ఎవరో పచ్చిమిరపకాయలు నూరుతున్నట్టుండేది.

ఆ వేసవిలో హోసూరు దగ్గర మా ఊరు అత్తిముగంలోని తోటలో కొత్త మామిడి చెట్టు మొదటిసారి కాసింది. మా అత్త తీర్పు చెప్పింది.

"రేపటి టెస్టులో ఎవురికి తక్కువుంటే వాళ్లకే తొలిపండు. ఇంకొకామె చూస్తా కూసోవాల."

నేను బీయస్సీ చదివినదాన్ని. తింటేనే కదా షుగర్? తినకపోతే ఎలా వస్తుంది? ఆ రోజు ఉదయం టిఫిన్ తర్వాత మెతుకు ముట్టలేదు.

"ఏమ్మే, ముద్ద తినవా?" అంది అత్త.

"ఈ దినం ఏకాదశి, ఒక్కపొద్దు అత్తా."

"ఏకాదశి పోయి మూడు దినాలాయె కదమ్మా!"

"ఆ పొద్దు మరిచిపోయినాను. దానికి బదులు ఇది."

రుక్మిణి నా ఎదురుగానే రాగిముద్దను పులుసులో ముంచుతూ, "రవ్వంత తినక్కా, కండ్లు తిరుగుతాయి," అంది. చూశారా కుట్ర! నన్ను ఓడించడానికే అంత ప్రేమ!

మరునాడు హోసూరులో రిపోర్టులొచ్చాయి. రుక్మిణికి నూట పన్నెండు. నాకు నూట డెబ్బై ఒకటి.

"ఇది నాది కాదు, మార్చేసినారు!" అని డాక్టరమ్మ మీద విరుచుకుపడ్డాను. "నిన్నటినించీ పస్తున్నాను. ఈ చక్కెర యాడనించి వచ్చింది?"

"మీ లివరే చేసిందమ్మా," అందామె తాపీగా. "కడుపు ఖాళీగా ఉంటే రక్తంలోకి చక్కెర చేసి పంపేది అదే. ఆ పని చేసే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. మనం తిన్నాక, ఇంక చాలని లివర్ కణాలే వాటిని విరగ్గొట్టేస్తాయి. తినకపోతే అవి అట్లే నిలబడి పని చేస్తా ఉంటాయి. షుగర్ ఉన్నోళ్ళ లివర్‌కు పగ్గాలు ముందే వదులు. మీరేమో దినమంతా పస్తున్నారు!"

అంటే నేను ఆకలితో మాడుతుంటే, లోపల నా లివర్ కల్యాణ మండపంలో వంటవాళ్ళలా పాకం పడుతూనే ఉందన్నమాట!

"ఓహో, ఏకాదశి పాయసమా!" అంది రుక్మిణి.

సాయంత్రం ఆమె పండును నిదానంగా, చప్పరిస్తూ తింది. చివరికి టెంక తెచ్చి నా పళ్ళెంలో పెట్టింది. "నీకూ ఏమన్నా ఉండాల కదక్కా."

టెంక చీకుతూ ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీద రుక్మిణితో ఏ పోటీకి దిగినా, ముందు వేళకు ముద్ద తిని, లోపలున్న ఆ వంటవాళ్ళను ఇంటికి పంపేసి మరీ దిగుతాను.